ఇరవై ఒకటో విస్తరి

కంచుగిరి అని పూర్వం ఒక రాజ్యం ఉండేదట. పెద్ద రాజ్యమేమీ కాదు. పొద్దున గుర్రమెక్కినవాడు సాయంత్రానికి పొలిమేర దాటేయవచ్చు. కాని దాన్ని ఏలే ప్రతాపకేసరి మహారాజు బిరుదులు చదవాలంటే మాత్రం వందిమాగధులు మధ్యలో ఒకసారి ఆగి మంచినీళ్ళు తాగవలసి వచ్చేది.

ఆ రాజుగారి వంటశాలకు అధికారి యజ్ఞన్న. చెయ్యి మంచిది, నోరు అంతకన్నా మంచిది. సభలో రాజుగారికి కోపం వచ్చినప్పుడల్లా మంత్రులు యజ్ఞన్న వైపు చూసేవాళ్ళు. అతను ఏదో ఒక మాట అనేవాడు, రాజు నవ్వేవాడు, ఎవడో ఒకడి తల మెడ మీదనే నిలిచేది. అలాంటి యజ్ఞన్నకు ఏడాదిలో ఒక్క రోజంటే వణుకు. అది పెద్దల పండుగ, భాద్రపదం చివర వచ్చే అమావాస్య.

ఆ రోజు ఎవరింట్లోనైనా పోయినవాళ్ళను తలుచుకుని గారెలూ పరమాన్నమూ వండుతారు, చుట్టపక్కాలందరూ ఒకచోట కూర్చుని తింటారు. కంచుగిరి కోటలోనూ ఒకప్పుడు అంతే. నాలుగేళ్ళ కిందట ఆ పంక్తిలో రాజుగారి తమ్ముడు జగదేవుడు అన్నగారి కంటే ముందు ముద్ద ఎత్తాడు. ఆకలి మీదున్నాడు, అంతకు మించి ఏమీ లేదు. రాజుగారు విస్తరి ముందునుంచి లేచిపోయారు.

"మా పంక్తిలో కూర్చోదగినవారు బతికున్నవాళ్ళలో ఎవరున్నారు? ఇకనుంచి పెద్దల పండుగకు పెద్దలే వస్తారు!" అని తమ్ముణ్ణి, మేనత్తను, చిన్నాన్నల సంతానాన్ని, ఒక్కరిని మిగల్చకుండా కోట దాటించారు.

అప్పటినుంచి ఆ పండుగ నాడు మిట్టమధ్యాహ్నం భోజనశాలలో ఇరవై ఒక్క విస్తళ్ళు పరిచేవారు. ప్రతి విస్తరి ముందూ ఒక పీట. ఏ పీట మీదా ఎవరూ ఉండరు. యజ్ఞన్న ఒక్కడే వరసగా వంగి వడ్డించుకుంటూ పోవాలి. బయట ఎండ పెళపెళలాడుతున్నా ఆ శాలలో అతని కాళ్ళకింద బండలు చల్లగా తగిలేవి. అన్నం మీదనుంచి లేచిన ఆవిరి, ఎవరో ముక్కు దగ్గరికి లాక్కుంటున్నట్టు, ఒక్కొక్కప్పుడు పీట వైపు వంగేది.

రాజుగారు నడిమధ్య నిలబడి, "అదిగో, మా ముత్తాతగారు మీసం తుడుచుకుంటున్నారు. చూశారా?" అనేవారు.

వసారాలో నిలుచున్న సభవారంతా "చిత్తం, చూశాం" అనేవారు. చూడలేదన్నవాడి పుట్టుకలో మచ్చ ఉన్నట్టేనని రాజుగారు ముందే సెలవిచ్చి ఉన్నారు మరి.

తరవాత ఆ తిండి మొత్తం కోట వెనక గోతిలో పోసేవారు. పెద్దల ఎంగిలి ఎవరూ ముట్టరాదు. అంత అన్నం పోసినా ఆ గోతి మీద ఒక్క కాకి వాలేది కాదు. యజ్ఞన్నకు అన్నిటికన్నా అదే భయం.

నాలుగో ఏడు, పండుగ తొమ్మిది రోజులుందనగా రాజుగారు అతన్ని పిలిపించారు.

"యజ్ఞన్నా, మూడేళ్ళుగా విస్తళ్ళు వడ్డించినవి వడ్డించినట్టే ఉంటున్నాయి. పెద్దలు వస్తున్నారు, కూర్చుంటున్నారు, తినడం లేదు. ఎందుచేత?"

"వాసనతోనే కడుపు నిండుతోందేమో, మహాప్రభూ."

రాజుగారు నవ్వలేదు. యజ్ఞన్న మాటకు ఆయన నవ్వకపోవడం అదే మొదలు.

"నీ వంట వారికి నచ్చడం లేదు. ఈసారి విస్తళ్ళు ఖాళీ కావాలి. కాకపోతే నువ్వే వారి దగ్గరికి వెళ్ళి ఏమేం ఇష్టమో కనుక్కుంటావు."

"వెళ్ళి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో, ప్రభూ?"

"రావడం మాట మేమనలేదు."

యజ్ఞన్న వంటశాలకు వచ్చి ఆరిన పొయ్యి ముందు కూలబడ్డాడు. పోయినవాళ్ళ రుచులు ఎవరికి తెలుస్తాయి? వాళ్ళ పక్కన కూర్చుని తిన్నవాళ్ళకు తెలుస్తాయి. అలా అనుకుని లేచి, రాజుగారి మేనత్త లకుమాంబ ఇంటికి వెళ్ళాడు. ఆవిడకు ఎనభై ఏళ్ళు. ఊరి చివర పెంకుటింట్లో ఉంటోంది.

"మా నాన్నకు పనసపొట్టు కూరలో ఆవ ఘాటుగా ఉండాలి, యజ్ఞన్నా. కంట నీళ్ళు తిరక్కపోతే గిన్నె విసిరికొట్టేవాడు. మా నాయనమ్మ ప్రతి ముద్దా ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తే గాని నోట్లో పెట్టేది కాదు. మా అన్న, అదే మీ రాజుగారి తండ్రి, అప్పడాన్ని పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది పొడి చేసి పప్పన్నంలో కలుపుకునేవాడు." ఆవిడ పక్కగదిలో ఉన్నవాళ్ళ సంగతి చెబుతున్నట్టే చెబుతోంది. చెబుతూ చెబుతూ ఒకటి రెండుసార్లు ఆ గుమ్మం వైపు చూసింది కూడా.

అక్కణ్ణుంచి యజ్ఞన్న జగదేవుడి ఇంటికి వెళ్ళాడు. అప్పుడే భోజనాలవుతున్నాయి. కుశలప్రశ్నలు అడుగుతూనే జగదేవుడు విస్తట్లోని అప్పడాన్ని పిడికిలితో ఫట్టున గుద్దాడు.

యజ్ఞన్నకు ఒళ్ళు జలదరించింది. "బాబుగారూ, అలా తినడం ఎవరు నేర్పారు తమకు?"

"ఒకరు నేర్పేదేముంది? చిన్నప్పటినుంచీ ఇంతే."

తండ్రి పోయేనాటికి జగదేవుడు ఉయ్యాల్లో ఉన్నాడు. జగదేవుడి పక్కన ఆయన తొమ్మిదేళ్ళ కూతురు ముద్ద కలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి వాసన చూసి, అప్పుడు నోట్లో పెట్టుకుంది.

ఆ వారంలో యజ్ఞన్న కోటకు దూరమైన చుట్టాల ఇళ్ళన్నీ తిరిగాడు. ఒక ఇంట్లో, లకుమాంబ చెప్పినట్టే, పోయిన పెదతాతగారి పొలమారడం వినపడింది. ఇంకో ఇంట్లో ఆయన చెల్లెలు పరమాన్నంలో మజ్జిగ పోసుకునే వింత అలవాటు కనపడింది. పోయినవాళ్ళు ఎక్కడికీ పోలేదు, కోటలోంచి మాత్రం పోయారు. మొదట్లో అతనికి వెన్నులో చలి పుట్టింది. ఏడో ఇల్లు దాటేసరికి ఆ చలి పోయి ఉపాయం పుట్టింది.

అందరినీ లకుమాంబ ఇంట్లో కూర్చోబెట్టి తన ఉపాయం చెప్పాడు.

"మా అన్న మనసు రాయి, యజ్ఞన్నా" అన్నాడు జగదేవుడు.

"రాయైతే మంచిదే బాబుగారూ, పప్పు రుబ్బుకోవచ్చు."

"కనిపెట్టాడంటే?"

"అందరి తలలూ పోతాయి. ముందు నాది."

లకుమాంబ చేతికర్ర అందుకుని లేచింది. "నాకు ఎనభై దాటాయిరా. చచ్చేలోగా మా పుట్టింట్లో ఒక గారె తినాలని ఉంది. నేను వస్తాను. మీరొస్తే రండి, రాకపోతే మానండి."

పండుగ రోజు తెల్లవారకముందే యజ్ఞన్న పదకొండు పొయ్యిలు రాజేశాడు. మినప్పిండి తానే దగ్గరుండి రుబ్బించాడు, నీట్లో వేస్తే తేలేదాకా. ఏటా ఇరవై ఒక్క విస్తళ్ళకూ ఒకే వంట, అది రాజుగారి రుచికి. ఈసారి విస్తరికో లెక్క. ఒకరికి పనసపొట్టులో ఆవ రెండింతలు. ఒకరికి గారె నల్లబడేదాకా వేగాలి, ఒకరికి మెత్తగా పెరుగులో నానాలి. కందకు చింతపండు ఎక్కువ, అరటికాయకు అసలు వద్దు. పరమాన్నం కింద అడుగంటే వాసన వస్తుంటే వంటకుర్రాడు గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఉండనీ, ఒకరికి ఆ మాడువాసనే కావాలి" అన్నాడు యజ్ఞన్న.

మిట్టమధ్యాహ్నమైంది. యజ్ఞన్న వంటశాల వైపు తలుపు ఓరగా తీసి ఉంచాడు. భోజనశాలలో సాంబ్రాణి పొగ మనిషికి మనిషి కనపడనంత దట్టంగా కమ్ముకుంది. రాజుగారు దక్షిణం వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, నువ్వులూ నీళ్ళూ వదులుతూ ఒక్కొక్కరి పేరే చెప్పి పిలవసాగారు. ఇరవై ఒక్క పేర్లు. చివరి పేరు చెప్పి, మామూలుగా చెప్పవలసిన మాట కోసం గొంతు సవరించుకుని, పొగ కాస్త పలచబడుతుండగా వెనక్కి తిరిగారు.

పీటల మీద మనుషులున్నారు.

తలమీదనుంచి రొమ్ముదాకా తెల్లటి ముసుగులు. ముసుగుల కిందనుంచి కుడిచేతులు మాత్రం బయటికి వచ్చి అన్నం కలుపుతున్నాయి. శ్రాద్ధభోజనంలో మాట్లాడకూడదు కాబట్టి ఒక్క మాట లేదు. నమిలే చప్పుడు మాత్రం ఆ పొగలో పంక్తి పొడుగునా మెల్లగా సాగుతోంది. చివరి పీట ఒక్కటే ఖాళీగా ఉంది.

వసారాలో మూడేళ్ళుగా "చిత్తం, చూశాం" అన్నవాళ్ళు ఈసారి నిజంగా చూశారు. రెప్పపాటులో వసారా ఖాళీ అయింది. సేనాపతిగారి తలపాగా మాత్రం మెట్ల మీద మిగిలింది.

రాజుగారి చేతిలోంచి రాగిచెంబు జారి దొర్లింది. "ఎవ... ఎవరు వీళ్ళు?"

యజ్ఞన్న నేతిగిన్నెతో పక్కనే నిలబడి ఉన్నాడు. "అదేమిటి ప్రభూ! మూడేళ్ళుగా తమరు చూస్తున్నవారే కదా? ఇవాళ నా పుణ్యం కొద్దీ నాకూ కనపడుతున్నారు."

ఏం చెప్పాలి? వీరు కారంటే ఇన్నాళ్ళూ చూసిందెవరిని? వీరే అంటే ఈ వణుకెందుకు? పంక్తి మధ్యలో ఒక చిన్న చెయ్యి ముద్దను ముసుగులోకి, ముక్కు దగ్గరికి తీసుకుపోయింది. కొంచెం ఆగింది. తరవాత నోటికి పోయింది. ఆ పక్కన ఒక పిడికిలి లేచి అప్పడం మీద ఫట్టున పడింది.

రాజుగారికి పదేళ్ళప్పుడు ఆగిపోయిన చప్పుడు అది.

"నాన్నగారూ" అన్నారు, రాజులకుండని గొంతుతో.

అప్పుడు ఒక ముసుగులోంచి ముసలి బొంగురు గొంతు విసుక్కుంది. "ఒరే కేసరీ, అలా నిలబడి చూస్తావేమిరా? మజ్జిగ పొయ్యి."

ఎన్నడూ ఎవరికీ చెంబెడు నీళ్ళివ్వని చేతులు మజ్జిగకుండ ఎత్తాయి. సగం విస్తళ్ళలో, సగం నేలమీద పోసుకుంటూ రాజుగారు పంక్తి వెంట వచ్చారు. తండ్రి విస్తరి దగ్గర కుండ దింపి, సాష్టాంగపడి ఆ పాదాలు పట్టుకున్నారు.

పట్టుకుని, అలాగే ఉండిపోయారు.

"యజ్ఞన్నా!"

"ప్రభూ!"

"ఈ పాదాలు వెచ్చగా ఉన్నాయి."

ముసుగులో జగదేవుడు అప్పటికే ఏడుస్తున్నాడు. రాజుగారు లేచి ఆ ముసుగు లాగేశారు. తరవాతది, ఆ తరవాతది. తమ్ముడు, తమ్ముడి కూతురు, పిన్నులు, చిన్నాన్నల కొడుకులు, గారె నములుతూ మేనత్త. రాజుగారి ముఖం ఎర్రబడింది. చెయ్యి కత్తి మీదికి పోయింది.

"మోసం! పెద్దలను పిలవమంటే వీళ్ళను తెచ్చావా?"

యజ్ఞన్న నేతిగిన్నె కింద పెట్టాడు. "విస్తళ్ళు ఖాళీ కావాలన్నారు, అయ్యాయి. ఇక పెద్దలు రాలేదంటారా? పిడికిలి చప్పుడు విని 'నాన్నగారూ' అన్నది తమరు, నేను కాదు. పెద్దలు పోతూ పోతూ ఒళ్ళు కాటికిచ్చారు, ఆకలి మాత్రం పిల్లలకిచ్చారు. వారు తినాలంటే ఈ నోళ్ళతోనే తినాలి, ప్రభూ. వేరే నోళ్ళు లేవు. తమరు మూడేళ్ళుగా పస్తులుంచింది ఎవరినో తమరే ఆలోచించండి."

సాంబ్రాణి పొగ మెల్లగా విడిపోతోంది. రాజుగారి చెయ్యి కత్తి మీదనుంచి జారింది. మొదట ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. తరవాత పొట్ట పట్టుకుని నవ్వారు. లకుమాంబకు పొలమారింది.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుండగా ఆయన చూపు చివరి విస్తరి మీద ఆగింది. అందులో ఏమీ వడ్డించలేదు.

"అది మా అమ్మగారిది కదా. ఎందుకు వదిలేశావు?"

"ఆ తల్లికి ఏమిష్టమో ఎవరూ చెప్పలేకపోయారు, ప్రభూ. చుట్టాల ఇళ్ళన్నిటా అడిగాను."

"ఎలా చెబుతారు?" అంది లకుమాంబ. "మా వదిన అందరూ తిని లేచాక కూర్చునేది. గిన్నెల అడుగున ఏముంటే అదే ఆవిడ ఇష్టం."

రాజుగారు ఆ ఖాళీ విస్తరి అంచు వేలితో సరిచేశారు. "మరి ఆవిడకోసం ఎవరిని తెచ్చావు?"

"ఆవిడకు బిడ్డలిద్దరే. చిన్నవారు తండ్రిగారి విస్తరి ముందు కూర్చున్నారు" అన్నాడు యజ్ఞన్న, నేల చూపులు చూస్తూ.

బతికున్నవాళ్ళలో తన సాటి లేడన్న ప్రతాపకేసరి, కిరీటం తీసి పక్కన పెట్టి, పంక్తి చివరి పీట మీద కూర్చున్నారు. యజ్ఞన్న గిన్నెల అడుగులు గోకి తెచ్చాడు. అడుగంటిన అన్నం, మాడిన పరమాన్నం, విరిగిన గారె ముక్క, ఆవ దిగిన పనసపొట్టు. రాజుగారు తలెత్తకుండా తినసాగారు.

నాలుగు ముద్దలయ్యాక చెయ్యి ఆగింది.

"యజ్ఞన్నా, నా వెనక ఎవరు విసనకర్ర విసురుతున్నారు?"

యజ్ఞన్న చూశాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. బయట ఆకైనా కదలడం లేదు. అయినా రాజుగారి నుదుటి మీద వెంట్రుకలు మెల్లగా కదులుతున్నాయి. పక్కన దీపం మాత్రం చలించడం లేదు.

"ఎవరూ..." అనబోయాడు.

"చెప్పకు. నేనూ తిరిగి చూడను. చూస్తే అమ్మ 'తిను ముందు' అని కసురుతుంది." రాజుగారి కళ్ళు నిండాయి. ఆ కళ్ళతోనే నవ్వుతూ ముంజేతి బంగారు కడియం ఊడదీసి యజ్ఞన్న వైపు చాచారు. "ఇది వంటకు కాదు. నన్ను కూర్చోబెట్టినందుకు."

యజ్ఞన్న ఒళ్ళంతా గగుర్పొడిచే ఉంది. అయినా నోరు ఊరుకుంటుందా?

"కడియం ఎక్కడికి పోతుంది ప్రభూ, తరవాత పుచ్చుకుంటాను. ముందు చెయ్యి వెనక్కి తీయండి, పెరుగు వెయ్యాలి."

మహారాజు పగలబడి నవ్వి, విస్తట్లో అన్నానికి గుంట చేశారు.