కొర్లమ్మ పెట్టిన కుళాయి

అనగా అనగా, ఏటికి వంతెన అనే మాటే పుట్టని రోజుల్లో, ఏరు పోయి సముద్రంలో కలిసేచోట ఒక పాలెం ఉండేది. పొద్దున్నే అక్కడ మంచు ఎంత దట్టంగా దిగేదంటే, ఏది నీరో ఏది ఆకాశమో కొంగలకే తెలిసేది కాదు. ఆ మంచులో ఒక పడవ అటు వెళ్ళేది, ఇటు వచ్చేది. దాన్ని నడిపే మనిషి కొర్లమ్మ.

ఆ పడవ ముందు ఆమె మొగుడిది. ఆయన్ని సముద్రం తనదగ్గరే ఉంచేసుకుంది. వెదురు గెడ కొర్లమ్మ చేతికొచ్చింది. నీళ్ళు చూసుకుంటూ వెళ్ళేది, నీళ్ళు చూసుకుంటూ వచ్చేది. ఎక్కినవాళ్ళు మాట్లాడితే వినేది. అడిగితేనే బదులు చెప్పేది. అలా ఎన్ని వానాకాలాలు పోయాయో, ఆమె భుజాలు అలిసిపోయాయి.

ఊరి పెద్ద లచ్చయ్య అది గమనించి, పడవకి చిన్న ఇంజను తెప్పించాడు. పైన పెట్రోలు డబ్బా, కింద ఇంజను, రెండింటికీ నడుమ వేలంత లావు నల్ల గొట్టం. తాడు లాగితే చాలు, ఇంజను తుమ్మెదలా ఝుమ్మంటూ పడవని తోసుకుపోయేది. ఊరంతా మురిసింది. కొర్లమ్మ కూడా మురిసింది.

మూడో రోజు ఆమెకి వాసనొచ్చింది.

మిట్టమధ్యాహ్నం. ఇంజను ఆపి పడవ రేవుకి కట్టింది. ఇంజను ఆగింది గానీ డబ్బాలో పెట్రోలు ఆగలేదు. గొట్టంలోంచి దిగుతూనే ఉంది. ఇంజను నిండి, పొర్లి, చుక్క చుక్కగా పడవ అడుగున చేరుతోంది. ఆ చెమ్మ మీద ఎండ పడి ఏడు రంగులూ కదులుతున్నాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. అప్పుడే తవిటమ్మ అనే ముసలామె పసిపిల్లని ఎత్తుకున్న కోడలితో పడవెక్కింది. చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల తీసింది. కొర్లమ్మ ఆ పుల్లని లాక్కుని ఏట్లోకి విసిరేసింది.

"ఏటే, నీకేటి పట్టింది?" అంది తవిటమ్మ.

"అడుగున సూడు" అంది కొర్లమ్మ.

తవిటమ్మ చూసింది. కోడలి చెయ్యి పట్టుకుని ఒడ్డుకి దిగిపోయింది.

కొర్లమ్మ లచ్చయ్య గుమ్మం ముందుకెళ్ళి నిలబడింది.

"తమ్ముడా, గొట్టం నడుమ ఒక కుళాయి పెట్టాల. ఇంజను ఆగితే పెట్రోలూ ఆగాల."

"కొత్త గొట్టం కోసేస్తావా అప్పా? ఇంజను చేసినోడికి తెలీదా?"

"చేసినోడు మన పడవలో కూకోలేదు కదా."

"అది లేకపోతే నడపలేవా?"

"నడపను."

ఒకరోజు పడవ కదల్లేదు. రెండో రోజు కదల్లేదు. మూడో రోజు లచ్చయ్య రేవుకొచ్చి, "సరే అప్పా, నీకు నచ్చిందే తెచ్చుకో" అన్నాడు.

కొర్లమ్మ నల్ల గొట్టం ముక్క ఒకటి రొంటిన దోపుకుని పట్నం బయల్దేరింది. నీళ్ళు చూసుకుంటూ వెళ్ళింది. పట్నంలో జమాల్ సాయిబుది ఇత్తడి సామాన్ల కొట్టు. ఆయన ముందుగా ఒక తెల్లటి ప్లాస్టిక్ కుళాయి తీశాడు. దూదిలా తేలిగ్గా ఉంది. కొర్లమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగింది:

"పడుకోమంటే పడుకుంటావా? లెమ్మంటే లేస్తావా? కళ్ళు మూసుకుంటే నా చేతికి దొరుకుతావా?"

సాయిబు నవ్వలేదు. ఆమె చెప్పినట్టే దాన్ని పెట్రోలు గిన్నెలో నానేశాడు. మర్నాడు చూస్తే అది ఉబ్బిపోయింది. పిడి తిరగనంటోంది.

"ఇది పడుకోదు సాయిబుగారూ" అంది.

రెండోసారి ఆయన చక్రం పిడి ఉన్న బరువైన ఇత్తడి కుళాయి తీశాడు. దాన్నీ అరచేతిలో పెట్టుకుని ఆ మూడు మాటలే అడిగింది. తిప్పింది, తిప్పింది, తిప్పింది, అప్పటికి మూసుకుంది. మళ్ళీ తెరిచి నోట పెట్టుకుని ఊదింది. ఊపిరి సగమే దాటింది.

"లోపల దారి ఇరుకు. ఇది లేచినా సగమే లేస్తాది. ఏటి నడుమ ఇంజను ఆకలితో ఆగిపోద్ది."

సాయిబు పాత డబ్బాలన్నీ వెతికాడు. అట్టడుగున చిటికెన వేలంత కాడ ఉన్న చిన్న ఇత్తడి కుళాయి దొరికింది. కాడ గొట్టం వెంబడి ఉంటే దారి తెరిచినట్టు. అడ్డం తిప్పితే మూసినట్టు. అంతే, ఒక్క తిప్పు. కొర్లమ్మ ఊదితే ఊపిరంతా దాటింది. గొట్టం ముక్క తొడిగి చూస్తే బిగువుగా కూర్చుంది. రాత్రంతా పెట్రోల్లో నానినా చెక్కు చెదరలేదు. ఆమె కళ్ళు మూసుకుని వేలు పెట్టింది. తెరిచుందో మూసుందో వేలే చెప్పింది.

"ఇదే సాయిబుగారూ."

"రెండు కొసలా ఈ పట్టీలు బిగించమ్మా, లేకపోతే గొట్టం జారిపోతుంది" అని ఆయన రెండు పట్టీలు కూడా ఇచ్చాడు.

నీళ్ళు చూసుకుంటూ వచ్చింది. కుళాయిని డబ్బాకి దగ్గరగా, కూర్చున్నచోటు నుంచే చెయ్యి అందేలా పెట్టింది.

రెండు వానాకాలాలు పోయాయి. ఒక మంచు పొద్దున పడవలో పదకొండుమంది ఉన్నారు. తవిటమ్మ కోడలు రెండో కాన్పుకి నొప్పులు పడుతూ, అవతలి ఒడ్డు మంత్రసాని దగ్గరికి వెళ్తోంది. సాయానికి లచ్చయ్య ముందు కూర్చున్నాడు. ఏటి నడుమ ఇంజను దగ్గర గొట్టం చిట్లింది. పెట్రోలు కాలే ఇనుము మీద పడి భగ్గుమంది. పైన మంచు, కింద పొగ. ఎవరికీ ఎవరూ కనపడలేదు.

కొర్లమ్మ కళ్ళు మూసుకుని మంటలోకి చెయ్యి పెట్టింది.

"అప్పా! తిరిగిందా?" లచ్చయ్య అరిచాడు.

"అడ్డం తిరిగింది!"

మంట గొట్టంలో మిగిలింది తిన్నది. ఇక తినడానికేమీ దొరక్క కుంగిపోయింది. లచ్చయ్య తడి వల తెచ్చి మీద కప్పాడు. ఇంజను మూగబోయింది. పడవ మంచులో, కలలోలాగా, తనంతట తానే కాసేపు తేలింది. అప్పుడు లచ్చయ్య ఆమె చెయ్యి చూశాడు.

"కొత్త గొట్టం కోసేస్తావా అన్నాను కదప్పా..." అన్నాడు.

"ముందు గెడెయ్యి తమ్ముడా. పిల్ల నొప్పులు పడతాంది."

ఆ మధ్యాహ్నమే అవతలి ఒడ్డున ఆడపిల్ల పుట్టింది.

కొర్లమ్మ కుడిచెయ్యి మళ్ళీ పూర్తిగా విచ్చుకోలేదు. ఆ చేత్తోనే ఇంకో మూడు వానాకాలాలు కాడ తిప్పింది. తరువాత ఒక సాయంత్రం, రేవులో కట్టిన పడవలో పడుకుని, అలల ఊపుకి ఊగుతూ ఊగుతూ ప్రాణం విడిచింది. పిలవడానికి వచ్చినవాళ్ళు నిద్రపోతోందనుకున్నారు. కుళాయి మూసే ఉంది.

ఆ పాలెంలో ఇవాళ్టికీ కొత్తగా పడవ పట్టేవాడికి కళ్ళకి గుడ్డ కడతారు. వాడు ఒక్క చేత్తో కాడ దొరకబుచ్చుకుంటేనే జనాన్ని ఎక్కించుకోనిస్తారు. పడవ ఒడ్డు చేరాక ఎవరూ లేవరు, ఎవరూ చుట్ట ముట్టించరు. ముందు కూర్చున్న మనిషి వెనక్కి తిరిగి అడగాలి:

"కొర్లమ్మ అడ్డం తిరిగిందా?"

పడవ నడిపేవాడు కుళాయి కాడని వేలితో తడిమి, "తిరిగింది" అనాలి.

పొరుగూరి వాళ్ళు అది విని, ఎవరో కొర్లమ్మకి కోపమొచ్చిందనుకుని పడవంతా వెతుక్కుంటారు. పాలెం వాళ్ళు నవ్వుతారు. నవ్వుకుంటూ, చల్లగా ఒడ్డుకి దిగిపోతారు.