వాలు మీద తూకం

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు నూకరత్నం తూకం మిషన్ ఎక్కింది. 48.9 కిలోలు. జిల్లా వెయిట్‌లిఫ్టింగ్ ఎంపికలకు ఆమె నలభై తొమ్మిది కిలోల విభాగంలో పేరిచ్చింది. శరీర బరువు అంతకు మించితే ఆ విభాగంలో చోటు లేదు; తర్వాతి విభాగం యాభై ఐదు. ఎనిమిదింటికి నిర్వాహకులు తూస్తారు. పది రోజులుగా ఆమె వెలుతురు కోసం మిషన్‌ను వ్యాయామశాల గుమ్మం బయట, సైకిళ్లు ఎక్కించే సిమెంటు వాలు మీద పెట్టుకుని చూసుకుంటోంది.

ఆరేళ్లుగా ఆమెకు శిక్షణ ఇస్తున్న అప్పలస్వామి మాస్టారు వచ్చారు. మిషన్‌ను లోపల చదును నేల మీద పెట్టి మళ్లీ ఎక్కమన్నారు. 49.4.

"ఇదేటి మాస్టారూ! నేనొకర్తినే, మిషనొకటే. గుమ్మం దాటేసరికి అరకేజీ ఎక్కణ్ణించొచ్చింది?"

మాస్టారికి వివరించి చెప్పే అలవాటు లేదు. మిషన్‌ను చెక్కబల్ల మీద ఉంచి, దానిపై ఇరవై కిలోల ఇనప బిళ్ల పెట్టి, బల్ల ఒక కొసను మెల్లగా పైకి లేపారు. 20.0 కాస్తా 19.7 అయింది. ఇంకొంచెం లేపారు. 18.8.

"బిళ్ల కరిగిపోతందేటి?" అని అడిగారు.

"ఇనుమెక్కడైనా కరుగుద్దా?" రత్నం వంగి చూసింది. "మిషన్ మీద ఆనడం తగ్గింది."

"ఆ తగ్గిందంతా ఏటి చేస్తంది?"

అడుగుతూనే ఆయన బల్లను మరికాస్త లేపారు. బిళ్ల జారి నేల మీద పడింది.

మాస్టారు చెయ్యి దులుపుకున్నారు. "ఇంకా రెండు గంటలుంది. పరిగెడితే ఆ నాలుగొందల గ్రాములూ చెమటలో పోతాయి. దాంతో బలమూ పోతాది. నీ ఇష్టం, అమ్మా."

రాత్రి నుంచి ఆమె ఏమీ తినలేదు. పడిన బిళ్లను ఎత్తి బల్ల మీద పెట్టింది. తర్వాత వెంట తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత తీసి నాలుగు ఇడ్లీలు తింది.

"యాబై అయిదులో రాయించండి మాస్టారూ. పెద్దోళ్లతోనే ఎత్తుతాను. నేనెంతున్నానో అంతే, తగ్గి నిలబడి ఆ బిళ్లలా జారను."

నాలుగు రోజుల తర్వాత ఫలితాల జాబితా వచ్చింది. రాష్ట్ర పోటీలకు విభాగానికి ఇద్దరిని పంపుతారు. యాభై ఐదు కిలోల్లో రెండో పేరు నూకరత్నానిది. ఆమె శరీర బరువు 49.7 అని ఉంది. ఆ వరుసలో మిగిలినవారెవరూ యాభై మూడుకు తక్కువ లేరు. ఆమె ఎత్తిన బరువుల జోలికి మాస్టారు పోలేదు. 49.7 మీద వేలు పెట్టారు.

"ఎత్తడం నేర్పింది నేనే," అన్నారు. "ఇది నేను నేర్పలేదు."