పిట్టకుండ గొంతు

రౌద్రి నామ సంవత్సరం, ఎండలు ముదిరిన వేసవి. పట్నంలోని మ్యూజియంలో ఒక కుండ పలకడం లేదని కుమ్మరిని పిలిపించారు.

అది సముద్రాల అవతలి కుండ. తెల్లవాళ్ల ఓడలు ఆ నేలకి చేరకముందు అక్కడి కుమ్మరి ఎవరో చేసింది. రెండు బొజ్జలు, వాటిని కలుపుతూ ఒక గొట్టం, ఒక బొజ్జ మీద పిట్ట తల. నీళ్లు పోసి అటూ ఇటూ వంచితే పిట్ట ఈల వేయాలి. ఆ దేశపు పెద్దావిడ ఒకామె ఆ ఈల వినడానికే వస్తోంది. ఆమె వచ్చే వేళ దగ్గరపడింది.

అధికారి అద్దాల బీరువా తాళం తీశాడు. "ముట్టుకోకుండా చూడు," అన్నాడు.

"ముట్టుకోకుండా చూడ్డానికి ఇదేమన్నా పెళ్లికూతురా, దొరా?"

తట్టి చూడని కుండ గురించి ఏ కుమ్మరీ మాట చెప్పడు. వేలి కణుపుతో మెల్లగా తట్టి చెవి ఆనించాడు. బొజ్జలు ఖంగుమన్నాయి. పిట్ట తల దగ్గర మాత్రం మొద్దుగా పలికింది.

"ఈ మెడ వెనక చిల్లుండాలి. ఎవరు పూడ్చారు?"

"మేమే. దెబ్బతిన్న చోటనుకుని సున్నం పెట్టించాం. రిజిస్టర్లో కూడా చిల్లు లేదనే ఉంది."

"దెబ్బ కాదు దొరా. అది దాని గొంతు."

అధికారి ముఖం ముడుచుకున్నాడు. "తీస్తే తియ్యి. చిన్న పెచ్చు ఊడిందా, నీ సారె నాది. మళ్లీ మట్టి ముట్టకూడదు."

నలభై ఏళ్లు సారె తిప్పిన చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఇంటికి వెళ్లిపోతే అడిగేవాడు లేడు. కానీ నోరు నొక్కిన కుండని చూసి వెనుదిరగడం అతనికి చేతకాలేదు. సంచిలోంచి తుమ్మముల్లు తీసి గీరడం మొదలుపెట్టాడు.

బయట కారు ఆగింది.

"వచ్చేసింది! ఆపు!"

"ఇప్పుడాపితే ముల్లు లోపలే విరుగుతుంది. నువ్వు కాసేపు ఊపిరి ఆపు."

మెట్ల మీద అడుగులు. ముల్లు కదిలింది. చిన్న పలుకు టక్కుమని నేలమీద పడింది.

పెద్దావిడ గుమ్మంలోకి వచ్చేసరికి కుమ్మరి నీళ్లు పోసి కుండని వంచాడు. పిట్ట సన్నగా, బొంగురుగా, రెండు ఊపిర్ల సేపు ఈల వేసింది. ఆమె కుండ దగ్గరికి వచ్చి తన భాషలో ఏదో అంది. వాళ్ల నాయనమ్మ వానని ఇలాగే పిలిచేదట. ఆమె వెంట వచ్చిన దుబాసీ తెలుగులో చెప్పాడు.

ఆమె వెళ్లాక అధికారి ఆ పలుకు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. "పెచ్చు ఊడింది."

"అది మీ సున్నం."

"రిజిస్టర్ ప్రకారం కుండకి చిల్లు లేదు. కాబట్టి ఇది కుండదే."

"సరే, రాసుకో. ఈల విన్నావా లేదా, అది చెప్పు."

అధికారి రిజిస్టర్ తెరిచి పెచ్చు ఊడిందని రాసుకున్నాడు.

తొలకరికి ముందే చిల్లుని మళ్లీ సున్నంతో పూడ్చారు. పక్క అద్దాల బీరువాలో ఇప్పుడు కుమ్మరి సారె ఉంది. ముట్టుకోరాదని దాని మీద రాసి ఉంది.