ముత్యాలు ఇంట్లో ఏమీ లేదు

గుండ్లవలసలో ముత్యాలు ఇంటివాళ్ళకి తమ తెలివి మీద భలే నమ్మకం. "ఎవరేం చెప్పినా మనం తు.చ. తప్పకుండా చేస్తాం. అందుకే ఊళ్ళో మనకింత పేరు" అనేవాడు ముత్యాలు. పేరున్న మాట నిజమే. అదేం పేరో మాత్రం వాళ్ళకెవరూ చెప్పలేదు.

ముత్యాలు తాడిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఓసారి చెట్టు మీంచి పడి కాలు పోయింది. సంపాదనా పోయింది. వికలాంగుల పింఛనుకి దరఖాస్తు పెడితే అది ఆఫీసులో మూలుగుతోంది. ఇంట్లో పొద్దున గంజి, రాత్రికి మంచినీళ్ళు.

తమ్ముడు పోలయ్య పంచాయతీ గుమస్తా కామేశం దగ్గరికి పరిగెత్తాడు.

"తిండికి గడవనివాళ్ళవి ముందు చూస్తారయ్యా. రేపు ఆఫీసరమ్మ మీ ఇంటికే వస్తారు. ఇంట్లో ఏమీ లేదని కళ్ళారా చూస్తే అక్కడే సంతకం పెట్టేస్తారు" అన్నాడు కామేశం.

అంతే. పోలయ్య రొప్పుతూ వచ్చాడు. "వదినా! ఇంట్లో ఏమీ ఉండకూడదట!"

ముత్యాలు భార్య చిట్టెమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, మనకి బోలెడున్నాయి కదయ్యా! చెంబుంది, చాపుంది, రెండు కుండలున్నాయి!"

"అబద్ధమాడి పింఛను తింటామా? నిజంగానే లేకుండా చేద్దాం" అన్నాడు ముత్యాలు.

ఇంకేముంది, సామానంతా ఎదురింటి అవ్వ వాకిట్లోకి మోశారు.

"ఏంట్రా, ఇల్లు మారుతున్నారా?" అంది అవ్వ.

"లేదవ్వా, బీదవాళ్ళమవుతున్నాం" అన్నాడు పోలయ్య.

"ఇప్పుడు కారట్రా?"

"ఇప్పుడు చెంబున్న బీదవాళ్ళం. అది చాలదట."

కుండలో గుప్పెడు నూకలు మిగిలాయి. అవీ ఉండకూడదు కదా అని కోడికి వేశారు. కోడి తినేసింది. నూకలు లేవు గానీ కోడి ఉంది. దాన్నీ అవ్వ దగ్గర దింపారు. మర్నాడు పొద్దున్నే ఇల్లంతా చూసుకుని మురిసిపోయారు. అంతలో చిట్టెమ్మ కెవ్వుమంది.

"ఏమయ్యో, మనం ముగ్గురం ఉన్నాం కదా!"

అంతే. ముత్యాల్ని చంకకర్రతో సహా ఎత్తుకెళ్ళి అవ్వ వాకిట్లో కూర్చోబెట్టారు. పక్కనే వాళ్ళూ కూర్చున్నారు.

ఆఫీసరమ్మ వచ్చింది. వెనకాలే కామేశం. ఇల్లంతా బోసిగా ఉంది.

"ఇక్కడెవరూ ఉండటం లేదు కదండీ. దరఖాస్తు కొట్టేస్తున్నా" అంటూ ఆవిడ కలం తీసింది. కామేశం గబగబా వీధిలోకి చూశాడు.

ఎదురు వాకిట్లోంచి పోలయ్య అరిచాడు. "బాగా చూడండమ్మా! మూలలు కూడా చూడండి! ఏమీ లేదు!"

"మరి ముత్యాలేడీ?"

"ఇక్కడ దాచామమ్మా!"

"మనిషిని దాచడమేంటయ్యా?"

"ఏమీ ఉండకూడదన్నారు కదమ్మా. మా అన్నేమో ఇంతున్నాడు, కాలొక్కటే తక్కువ!"

ఆవిడ వీధి దాటి వచ్చింది. చిరిగిన చాప మీద ముత్యాలు, ఒళ్ళో బక్కచిక్కిన కోడి.

"ఈ సామానంతా మీదేనా?" అంది ఆవిడ.

కామేశం వద్దు వద్దని సైగలు చేశాడు. అది దణ్ణమనుకుని ముత్యాలు అతనికీ చేతులు జోడించాడు. "మాదేనమ్మా. అబద్ధమెందుకు?"

"మీరు దాచిందంతా ఇంతేనా?"

"చీపురు కూడా ఉందమ్మా. అవ్వ వాడుకుంటోంది."

ఆవిడ కోడిని కాస్త పక్కకి జరిపి, వేలిముద్ర వేయించుకుని, అక్కడే సంతకం పెట్టేసింది.

ఒకటో తారీఖున పింఛను చేతికొచ్చింది. ముగ్గురూ నోట్లు మధ్యలో పెట్టుకుని పండగలా కూర్చున్నారు. ఉన్నట్టుండి ముత్యాలు ముఖం పాలిపోయింది.

"ఒసేయ్, ఇప్పుడు ఇంట్లో డబ్బుందే!"

"అవునయ్యోయ్! ఏమీ లేనివాళ్ళమని కదా ఇచ్చారు! ఆ తల్లి దగ్గర మాట పోదూ?"

ఇంకేముంది, బియ్యం కొట్టు దాటుకుని ముగ్గురూ నేరుగా పంచాయతీ ఆఫీసుకి పోయారు. నోట్లు కామేశం బల్ల మీద పెట్టారు.

"తీసేసుకోండి బాబూ. మాకిప్పుడు గడుస్తోంది."

కామేశం తల పట్టుకున్నాడు. "అది నీ హక్కయ్యా ముత్యాలూ! డబ్బొస్తే కాలు మొలిచిందా? జేబులో పెట్టుకో!"

"మీరలాగే అంటారు, మంచివారు" అని ముత్యాలు నోట్లని ఇంకాస్త ముందుకి తోశాడు. గుండె బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుని, చంకకర్ర గోడకి ఆనించి పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"పోలయ్యా, డబ్బు ఇచ్చేశాం కదా. మళ్ళీ ఇంట్లో ఏమీ లేదు. కొత్త దరఖాస్తు అడుగు. ఈసారి కాస్త తొందరగా ఇప్పించమని చెప్పు, ఆకలేస్తోంది."