చెవి ఉన్న ప్యాకింగ్

కైకలూరు రోడ్డులో మీరావలి మేస్త్రి గారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. విననట్టే ఊరుకుంటారు. అడిగినవాడు తానేం అడిగాడో మరిచిపోయాక, ఏ నట్టో బిగిస్తూ ఒక్క ముక్క అంటారు. అదే మనకు జవాబని పోల్చుకోవడం మన తెలివిని బట్టి ఉంటుంది. నా స్కూటరు పుణ్యమా అని ఆయన మెకానిక్ షెడ్డు ముందు బల్ల మీద నేను గడిపిన పొద్దులు తక్కువేం కావు, కాబట్టి ఈ సంగతి నమ్మకంగా చెప్పగలను.

ఆ షెడ్డుకి జనం వచ్చేది ఆయన చేతిపని కోసం. ఇంజిన్ అతుకుల మధ్య గాలి దూరకుండా వేసే ప్యాకింగ్ ఇప్పుడు ఎక్కడైనా తయారుగా దొరుకుతుంది. పాత బండ్లకి మాత్రం దొరకదు. ఆయన నల్లటి షీటు తెచ్చి, విప్పిన ఇంజిను ముక్క అంచు మీద పరిచి, చిన్న సుత్తితో తట్టి తట్టి కోస్తారు. పట్టుకుని సర్దడానికి వీలుగా ఒక మూల చిన్న చెవి వదులుతారు. మరే షెడ్డులోనూ ఆ చెవి నేను చూడలేదు. ఆ చెవి కనిపిస్తే చాలు, ఇక ఆ బండికి దిగులు లేదనుకునే డ్రైవర్లు ఉన్నారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఆ ఉదయం ఆయన్ని ప్రశ్న అడిగినవాడు సువర్ణరాజు. కుర్రతనం నుంచి ఆ షెడ్డులోనే పని నేర్చి, ఇద్దరు పిల్లల తండ్రయ్యాక ఇప్పుడు ఆకివీడులో సొంత షెడ్డు పెట్టుకోబోతున్నాడు. వెళ్లేలోగా గురువు నోట ఒక్క గుట్టయినా రాబట్టాలని అతని ఆశ.

“మేస్త్రి గారూ, ఇంజిన్లో అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైన తప్పు ఏదండీ?”

మేస్త్రి గారు అలవాటు ప్రకారం వినలేదు. టీ గ్లాసు కింద పెట్టి రోడ్డు వైపు చూశారు. అటునుంచి నాంచారయ్య పికప్పు తుమ్ముకుంటూ, ఆగి ఆగి వస్తోంది.

నాంచారయ్య కొల్లేటి ఒడ్డు మనిషి. హేచరీ నుంచి చేప పిల్లల్ని చెరువులకు చేరవేయడం అతని బతుకుతెరువు. బండి పాతది, పెట్రోలు ఇంజిను. ఆ రోజు కూడా వెనకాల గాలి నింపి మూతికట్టిన ప్లాస్టిక్ సంచులు, వాటిలో వెంట్రుకంత చేప పిల్లలు, పైన తడి గోనెలు. దసరా అయ్యాక బండి ఇలా తడబడి మిస్సింగ్ కొట్టడం మొదలైందట. పెట్రోల్లో కల్తీ ఉందేమోనని బంకు మార్చాడు, దారిలో ఎవరో చెప్తే ప్లగ్గులు మార్చాడు, కాయిలు మార్చాడు. కిందటి ట్రిప్పులో బండి నడిదారిలో మొరాయించి, సంచుల్లో నీళ్లు వేడెక్కి, పిల్లలన్నీ వెల్లకిలా తేలాయి. ఇంకోసారి ఇలా జరిగితే వేరే బండి చూసుకుంటానని చెరువు ఆసామి తెగేసి చెప్పాడు. ఇదంతా చెప్తున్నంతసేపూ నాంచారయ్య చూపు సంచుల మీదే ఉంది. సాయానికి మరో బండి కోసం ఫోన్లు చేశాడు గాని, పెళ్లిళ్ల రోజులు కావడంతో ఒక్కటీ ఖాళీగా లేదు.

మేస్త్రి గారు ముందు సంచుల్ని నీడలోకి దింపించి, గోనెలు మళ్లీ తడిపించారు. ఇంజిను సంగతి చూడమని సువర్ణరాజుకి సైగ చేశారు.

సువర్ణరాజు పనిలో దిట్ట. ప్లగ్గు విప్పగానే విషయం చెప్పేశాడు. బిస్కెట్ రంగులో ఉండాల్సిన మొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. అంటే ఇంజిన్‌కి పెట్రోలు చాలక ఆకలితో మండుతోంది. కార్బురేటర్ విప్పి కడిగాడు, పెట్రోలు వచ్చే జెట్టు తీసి కాస్త పెద్ద రంధ్రం ఉన్నది వేశాడు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను గట్టిగానే పలికింది గాని, నల్ల పొగ వదిలింది. కాలు తీస్తే మళ్లీ బండంతా వణుకు. ఇంకాస్త పెట్రోలు ఇచ్చాడు. పొగ పెరిగింది, వణుకు పోలేదు. నీడ కూడా సంచుల మీంచి జరిగిపోతోంది. నాంచారయ్య సంచుల పక్కన గొంతుక్కూర్చుని గోనెల మీద నీళ్లు చల్లుతూ ఉండిపోయాడు. 

అప్పుడు మేస్త్రి గారు లేచి వచ్చి నాంచారయ్యని ఒకే ఒక్క మాట అడిగారు, బండి నిలబడ్డప్పుడు ఎక్కువ వణుకుతోందా, పరుగులోనా అని. నిలబడ్డప్పుడేనని, రైలు గేటు దగ్గర ఆపితే చాలు చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతుందని, పరుగులో సర్దుకుంటుందని నాంచారయ్య చెప్పాడు.

“పెట్రోలు చాలకపోతే పరుగులో కదా ఆకలెయ్యాలి, సువర్ణం,” అన్నారాయన.

ఒక మగ్గుతో నీళ్లు తీసుకుని, తిరుగుతున్న ఇంజిన్ మీదకి వంగారు. కార్బురేటర్ నుంచి గాలీ పెట్రోలూ కలిసి ఇంజిన్లోకి వెళ్లే ఇనుప గొట్టం ఉంది చూశారా, దాని అతుకు వెంబడి సన్నటి ధారగా నీళ్లు పోస్తూ వెళ్లారు. ముందు మూల ఏమీ కాలేదు, నడుమా ఏమీ కాలేదు. వెనక మూల నీళ్లు పడగానే వణుకు ఆగిపోయింది. నీళ్లు లోపలికి లాక్కుపోయాక మళ్లీ మొదలైంది. పెట్రోలు తగ్గలేదు, ఆ సందులోంచి దొంగగాలి దూరుతోంది. ఇంత పెద్ద రోగాన్ని మగ్గుడు నీళ్లతో పట్టిన మనిషిని చూస్తే నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇంజిన్ ఆపి సువర్ణరాజు ఆ గొట్టం బోల్టులు విప్పాడు. పానా పెట్టగానే అవి బలం లేకుండా తిరిగిపోయాయి. లోపలి ప్యాకింగు వెనక వైపు చిరిగి, ముక్క ఇంజిను మింగేసింది. మిగిలిన దాన్ని ఊడదీసి చూసి, సువర్ణరాజు చటుక్కున గుప్పిట మూశాడు.

మూసేలోపే నాకు చెవి కనిపించింది.

అతను నాంచారయ్య వైపు తిరిగి కాస్త గట్టిగానే నిలదీశాడు. దసరాకి ముందు ఇక్కడే ప్యాకింగు వేయించుకున్నావు కదా, ఇంజిను కాగి చల్లారాక బోల్టులు మళ్లీ బిగించాలని, మర్నాడు రమ్మని మేస్త్రి గారు చెప్పలేదా, ఎందుకు రాలేదని. నాంచారయ్య బిత్తరపోయాడు. చెప్పే ఉంటారని, తానే లోడు తొందరలో మరిచిపోయి ఉంటానని గొణిగాడు. చచ్చిన చేప పిల్లల పాపం కూడా తన నెత్తినే వేసుకున్నట్టు తల దించుకున్నాడు.

“నేను చెప్పలేదు,” అన్నారు మేస్త్రి గారు. “చెప్పుంటే నాంచారయ్య వచ్చేవాడు.”

సువర్ణరాజు ముందు చెయ్యి చాపారు. సువర్ణరాజు ఇవ్వలేదు. ఏదో పాత తుక్కు ముక్కలెండి అన్నాడు. ఆయన అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ఆ చిరిగిన ప్యాకింగు తీసుకెళ్లి నాంచారయ్య అరచేతిలో పెట్టి, చెవి చూపించారు.

“ఇది నేను కోసిందే. చల్లారాక రెండోసారి బిగించాలి, బిగించకుండా నిన్ను పంపేశాను. నీ చేప పిల్లలు పోయింది నా చేతివల్ల.”

నాంచారయ్య ఆ ముక్కని వేడి వస్తువులా పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికే మేస్త్రి గారు షీటు పరిచి సుత్తి అందుకున్నారు. కొత్త ప్యాకింగు పడింది, సువర్ణరాజు తాను వేసిన పెద్ద జెట్టు తీసి పాతదే వేశాడు, ఇంజిను వణకలేదు, తుమ్మలేదు. సంచులు ఎక్కించాక మేస్త్రి గారు పానా జేబులో వేసుకుని తాను కూడా ముందు సీట్లో ఎక్కారు. చెరువు దగ్గర ఇంజిను చల్లారాక రెండో బిగింపు బిగించాలి కదా.

ఆయన పొద్దువాటారాక బస్సు దిగి వచ్చారు. పంచె అంచుకి చెరువు బురద. చేప పిల్లలన్నీ ప్రాణాలతోనే చెరువులో పడ్డాయట. కిందటి ట్రిప్పు సంగతిలో నాంచారయ్య తప్పేమీ లేదని గట్టు మీద నిలబడి ఆసామికి ఆయనే చెప్పి వచ్చారట, వచ్చే లోడు కూడా నాంచారయ్యకే ఇచ్చాడట. ఇదంతా ఆయన చెప్పలేదు, మరునాడు నాంచారయ్య చెప్పగా తెలిసింది. ఇన్నేళ్లలో ఆయన చేతిపని చూసి ఎన్నోసార్లు ముచ్చటపడ్డాను గాని, ఆ బురద అంచుని చూసినంత గౌరవంగా దేన్నీ చూడలేదు.

సువర్ణరాజు పానాలు తుడుస్తున్నాడు. పొద్దుటి ప్రశ్న అతను మరిచిపోయాడనే అనుకున్నాను. అంతలో తలెత్తకుండానే అన్నాడు, “ఈ తప్పు కష్టమైంది కాదులెండి. మగ్గుడు నీళ్లకే దొరికింది కదా.”

మేస్త్రి గారు చేతులు కడుక్కుంటూ అన్నారు:

“ఇంజిన్లోంచి సులువుగానే వచ్చింది. నీ గుప్పిట్లోంచి తీయడానికే బలం పట్టింది.”