బొంతయ్య పన్నెండు చిల్లులు

అనగా అనగా, ఎండాకాలం రాగానే ఆకులన్నీ దులిపేసుకుని హాయిగా నిలబడే ఒక టేకు అడవి. ఆ అడవిలో బొంతయ్య అని ఒక ఎలుగుబంటి. ఒళ్లంతా బొంత కప్పుకున్నట్టు బొచ్చు ఉండేది కాబట్టి ఆ పేరు. నవ్వకండి, మీ ముద్దుపేర్లు కూడా నాకు తెలుసు.

బొంతయ్యది తేనె దించే పని. సోమవారం నుంచి శుక్రవారం దాకా చెట్లెక్కడం, తుట్టెలు దించడం, ముక్కు మీద కుట్టించుకోవడం. శని, ఆదివారాలు మాత్రం అడవంతటికీ సెలవు. ఆ రెండు రోజులూ బొంతయ్య పరుగువీరుడు. అలాగని తనే చెప్పుకునేవాడు లెండి.

ఆ అడవిలో ఏటా ఒక పందెం జరిగేది. పేరు మూడు గుట్టల పరుగు. చిన్నగుట్ట ఎక్కి దిగాలి. నడిమిగుట్ట ఎక్కి దిగాలి. ఆఖరికి ఊటగుట్ట ఎక్కాలి. పొద్దు గుంకేలోగా ఆ గుట్ట మీది ఊటనీళ్లు తాగినవాళ్లందరూ గెలిచినట్టే. ముందెవరు, వెనకెవరు అనే పేచీ లేదు. కానీ ఒక గట్టి నియమం ఉంది. వరసగా రెండేళ్లు మధ్యలో ఆగిపోయినవాళ్లని మూడో ఏడు పరిగెత్తనివ్వరు. వాళ్లు నడిమిగుట్ట మీద నిలబడి, పరిగెత్తేవాళ్లకి సొరబుర్రతో నీళ్లందించాలి.

పోయినేడు బొంతయ్య నడిమిగుట్ట మీదే కూలబడ్డాడు. కోతులు తీగలతో వల అల్లి, అందులో కూర్చోబెట్టి కిందికి దించాయి. అప్పట్నించీ వాగు దగ్గర ఎవరు కనబడ్డా ఒకటే పలకరింపు. "బొంతయ్యా, ఇవాళ నడిచొచ్చావా, వలలో వచ్చావా?"

ఈ ఏడు కూడా ఆగిపోతే చేతికి సొరబుర్రే. పందెం ఇంకో వారమే ఉంది. అందుకని శుక్రవారం సాయంత్రం బొంతయ్య ముళ్లపంది సూరత్త ఇంటికి వెళ్లాడు. సూరత్త ఏడేళ్లుగా ఆ పందెంలో పరిగెత్తుతోంది. ఏడుసార్లూ అందరికన్నా చివర వచ్చింది. ఏడుసార్లూ ఊటనీళ్లు తాగింది.

"అత్తా, ఈ రెండు రోజుల్లో నన్ను తయారుచెయ్యాలి" అన్నాడు బొంతయ్య.

"తయారుచెయ్యడానికి నువ్వేమైనా పిండివంటవా?" అంది సూరత్త. "రెండు రోజుల్లో కొత్త కాళ్లు రావురా. ఉన్నవాటిని పాడుచేసుకోకుండా ఉంటే చాలు. రేపు చిన్నగుట్ట మూడుసార్లు ఎక్కి దిగుదాం. ఎల్లుండి నాలుగుసార్లు. తర్వాత పందెం దాకా తిండి, నిద్ర."

"అంతేనా!"

"ఇంకోటుంది. పరిగెత్తుతూ మాట్లాడాలి. మాట తడబడిందా, కాళ్లు నెమ్మదించాలి."

"నువ్వు నా ముందు పరిగెత్తుతావా అత్తా?"

"వెనకే వస్తా. నువ్వు ఉన్నట్టుండి కూలబడితే, ఎక్కడ కూలబడ్డావో నీకే తెలుస్తుంది."

బొంతయ్య అత్త వీపు మీది ముళ్లకేసి చూసి రెండడుగులు పక్కకి జరిగాడు.

శనివారం తెల్లవారింది. ఇద్దరూ చిన్నగుట్ట ఎక్కడం మొదలుపెట్టారు.

"నీ మేనమామల పేర్లు చెప్పు" అంది సూరత్త.

"పెద్దమామ ఇప్పయ్య... నడిపిమామ పుట్టయ్య... చిన్నమామ... హా... హా..."

"మాట పోయింది. నెమ్మదించు."

"ఇంతకన్నా నెమ్మదిస్తే దాన్ని నడక అంటారత్తా!"

"అననీ. నడిస్తే నీ బొచ్చేమైనా రాలిపోతుందా?"

అలా నడుస్తూ, పరిగెత్తుతూ, మామల్ని తలుచుకుంటూ మూడుసార్లు ఎక్కి దిగారు. చిన్నమామ పేరు మాత్రం ఒక్కసారీ బయటికి రాలేదు. అక్కడికి రాగానే ఊపిరి అయిపోయేది.

గుట్ట కింద ఒక ఎండు టేకుమాను ఉంది. దాని మీద వడ్రంగిపిట్ట కూర్చుని ఉంది. సెలవు రోజుల్లో దానికదే సరదా. ఎవరు గుట్ట ఎక్కి దిగినా, వాళ్ల వరసలో టకటకమని ఒక చిల్లు పొడిచేది. బొంతయ్యకి మూడు చిల్లులు పొడిచింది. పక్క వరసలో పదకొండున్నాయి. అవి కొండముచ్చు తోకరాజువి.

తోకరాజు పైకొమ్మ మీంచి తొంగిచూశాడు. "బావా, ఆ మూడూ నీవా? చెద తిన్నదేమో అనుకున్నాను!"

అందరూ నవ్వారు. బొంతయ్యా నవ్వాడు, మొహం మీద మాత్రమే.

ఆదివారం వచ్చింది. బొంతయ్య, సూరత్త అనుకున్నట్టే నాలుగుసార్లు ఎక్కి దిగారు. మాను మీద బొంతయ్య వరసలో ఏడు చిల్లులయ్యాయి.

"చాలు, పద ఇంటికి" అంది సూరత్త.

బొంతయ్య కదల్లేదు. మాను చుట్టూ బోలెడంతమంది చేరి ఉన్నారు. తోకరాజు కొమ్మ మీద పడుకుని తునికిపండు తింటున్నాడు. వాడు ఆ పూట అడుగు తీసి అడుగు వెయ్యలేదు. ఆ సంగతి బొంతయ్య కంటపడలేదు. చిల్లులే కంటపడ్డాయి.

"అత్తా, ఇంకో ఐదు. అప్పుడు పన్నెండవుతాయి."

"అయితే?"

"తోకరాజుకి పదకొండే."

"ఊటనీళ్లు గుట్ట మీదున్నాయా, తోకరాజు చిల్లుల్లో ఉన్నాయా?"

బొంతయ్య అరికాలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు.

"సరే, నీ కాళ్లు, నీ ఇష్టం" అని సూరత్త ముళ్లు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయింది.

ఇక బొంతయ్యకి అడ్డెవరు? మామలూ లేరు, మాటలూ లేవు. దూకుడే దూకుడు. ఎనిమిది. తొమ్మిది. పదిలో గొంతెండింది. పదకొండులో కళ్లు బైర్లు కమ్మాయి. పన్నెండులో నాలుగు కాళ్లున్నాయో ఆరున్నాయో తెలియలేదు. వడ్రంగిపిట్ట పన్నెండో చిల్లు పొడవగానే అందరూ కేకలు పెట్టారు. చీకటి పడేదాకా బొంతయ్య ఆ మాను పక్కనే నిలబడ్డాడు. దారినపోయేవాళ్లు చూడకుండా పోతే ఎలా మరి?

సోమవారం పొద్దున బొంతయ్య లేవబోయాడు. తల లేచింది. మిగతాది లేవలేదు. మంగళవారం కుంటుకుంటూ తేనె చెట్టు దాకా వెళ్లి, పైకి చూసి, తిరిగొచ్చేశాడు. బుధవారం తేనెటీగలే కిందికొచ్చాయి. "ఏమైంది బొంతయ్యా? రెండు రోజులుగా కుట్టడానికి ఎవరూ లేక తోచడంలేదు" అన్నాయి.

కబురు తెలిసి సూరత్త వచ్చింది. వావిలాకు వేడిచేసి రెండు మోకాళ్లకీ కాపడం పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. ముళ్ల కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది బొంతయ్యకి.

పందెం రోజు రానే వచ్చింది. బొంతయ్య చిన్నగుట్ట కుంటుతూ ఎక్కాడు, జారుతూ దిగాడు. నడిమిగుట్ట పైకి పాక్కుంటూ చేరాడు. అక్కడ మోకాళ్లు రెండూ ఒక్కసారి మొరాయించాయి. దుప్పులు దాటిపోయాయి. అడవిపందులు దాటిపోయాయి. తోకరాజు కూడా దాటిపోయాడు. అందరి వెనకా, తన మేనమామల పేర్లు తనే చెప్పుకుంటూ సూరత్త వచ్చింది. బొంతయ్యని చూసి ఆగింది.

"లేవగలవా?"

"ఊపిరి ఉందత్తా. కాళ్లే లేవు."

"నా వీపు మీద చెయ్యేసి నడువు అందామంటే, నా వీపు అలాంటిది కాదు" అంది సూరత్త.

పొద్దు టేకుచెట్ల తలల మీదికి దిగుతోంది. బొంతయ్య తలెత్తాడు. "నాకోసం ఆగితే నీకూ పొద్దుగుంకుతుంది. వెళ్లత్తా. నా వంతు కూడా తాగు."

సూరత్త వెళ్లింది. ఎదుటి గుట్ట మీద ఒక చిన్న ముళ్ల బంతి నీళ్ల మీదికి వంగడం బొంతయ్య చూశాడు. అప్పుడే పొద్దు గుంకింది. కాసేపటికి కోతులు వచ్చాయి.

"ఈసారి వల కాస్త పెద్దదే అల్లాం బొంతయ్యా" అన్నాయి.

చలికాలంలో ఆ ఎండుమాను మీదికి చిలకలు చేరి, పన్నెండు చిల్లుల్నీ తొలుచుకుని గుడ్లు పెట్టుకున్నాయి. పోనీలెండి, అవి ఎవరికో ఒకరికి పనికొచ్చాయి.

బొంతయ్య మాత్రం ఊరుకోలేదు. మోకాళ్లు బాగుపడ్డాక ప్రతి శని, ఆదివారం సూరత్తతో కలిసి గుట్ట ఎక్కాడు. మెల్లగా, మాట్లాడుతూ. ఆ మాను వైపు తల కూడా తిప్పలేదు.

ఏడాది తిరిగింది. మళ్లీ పందెం. నియమం నియమమే. బొంతయ్య సొరబుర్ర పట్టుకుని నడిమిగుట్ట మీద నిలబడ్డాడు. బుర్ర ఖాళీ అవగానే వాగుకి దిగి, నింపుకుని మళ్లీ ఎక్కేవాడు. ఎవరొచ్చినా ముందు అడ్డంగా నిలబడి, "నీళ్లు తర్వాత. నీ మేనమామల పేర్లు చెప్పు" అనేవాడు. చెప్పినవాళ్లు తాగి వెళ్లేవాళ్లు. చెప్పలేనివాళ్లని నీడలో కూర్చోబెట్టి, పేర్లు గుర్తొచ్చాకే పంపేవాడు.

తోకరాజు రొప్పుతూ వచ్చాడు. "నాకు... మేనమామలు... లేరు బావా!"

"అయితే మేనత్తల పేర్లు చెప్పు. కూర్చో, తొందరేం లేదు."

ఆ ఏడు కోతులకి వల విప్పే పనే పడలేదు.

అందరికన్నా చివర సూరత్త గుట్ట ఎక్కుతూ కనబడింది. బొంతయ్య అప్పుడే వాగులో బుర్ర నింపుకుని, ఆమె పక్కనే పరిగెత్తుతూ పైకి వస్తున్నాడు.

"నీ మేనమామల పేర్లు చెప్పు" అంది సూరత్త.

"పెద్దమామ ఇప్పయ్య, నడిపిమామ పుట్టయ్య, చిన్నమామ తుట్టె తిమ్మయ్య. ఆయనకి నలుగురు పిల్లలు, వాళ్ల పేర్లు కూడా చెప్పనా?"

ఇద్దరూ పైకి చేరేసరికి వడ్రంగిపిట్ట రివ్వున వచ్చి వాలింది. "బొంతయ్యా! పొద్దుట్నించీ ఇది తొమ్మిదోసారి నువ్వీ గుట్ట ఎక్కడం. చిల్లులు పొడవనా?"

బొంతయ్య ఆగి, కిందికి ఒకసారి, సొరబుర్రకేసి ఒకసారి చూశాడు.

"తొమ్మిదా? నేను చూసుకోనే లేదే!"

సూరత్త నీళ్లు తాగి మూతి తుడుచుకుంది. "అయితే వచ్చే ఏడు రా. ఊటనీళ్లు తాగుదువుగాని" అని ముళ్లు గలగలలాడించుకుంటూ ఊటగుట్ట వైపు దిగింది.

నీతి: పక్కవాళ్లని మించాలని ఒక్క రోజు ఒళ్లు హూనం చేసుకునేవాడు మధ్యలోనే కూలబడతాడు, తన ఊపిరి తనకి చెప్పేది విని, మానకుండా కొంచెం కొంచెం నడిచేవాడు గుట్ట ఎక్కుతాడు.