అసిరమ్మ నిలబెట్టిన ఎద్దు

అనగా అనగా, సిమెంటు బస్తా దిగితే ఊరంతా మూగి చూసే కాలం. ఆ కాలాన ఒక బంతితోటలో అసిరమ్మ ఉండేది. మట్టిపొయ్యిలు వేసి అమ్ముకునే ఒంటరి మనిషి. ఆమె పొయ్యిలో పగులు చూపించినవాడు ఇంకా పుట్టలేదు.

ఆమెకో ఎద్దు, మైలగాడు. బతికినన్నాళ్లూ మోట లాగి ఆ తోటను తడిపాడు. వాడు చచ్చిపోతే బావి పక్కనే పాతిపెట్టింది.

గోతి మన్ను ఆరకముందే మరిది పైడయ్య నాగలి తెచ్చాడు. తోటలో సగం వాడిది.

"ఈ గోతి మీద మిరప వేస్తానొదినా."

"ముందు నన్ను దున్ను. అక్కడ మైలగాడి బొమ్మ నిలబెడతాను. సిమెంటుతో!"

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పొయ్యిలు మెత్తే చేత్తో ఎద్దునా? సరే, ఏరువాక దాకా చూస్తాను. నిలబడితే ఆ చోటు నీది. పడితే దున్నేస్తాను."

ఇలాంటివాణ్ణి ఊళ్లో పెద్దమనిషి అనేవారు. అననీ.

అసిరమ్మ చెవికమ్మలు ఇచ్చి సిమెంటు తెచ్చింది. ఇసుక కలిపింది, కంకర కలిపింది, పొయ్యి మెత్తినట్టే మెత్తింది. బొమ్మ కాళ్లు కూలాయి.

"పడిందొదినా!"

"పడితే లేస్తాడు."

రెండోసారి కాళ్లలో విరిగిన గునపాలు దిగేసి మెత్తింది. నిప్పులాంటి ఎండలో ఆరబెట్టింది. మట్టిపనివాళ్లకు ఎండే కదా దేవుడు! బొమ్మ వీపు నుంచి పొట్టదాకా ఫెళ్లున పగిలి కూలింది.

"పడిందొదినా!"

"పడితే లేస్తాడు."

అంటూనే కళ్లు తుడుచుకుని కాలవలో కాళ్లు కడుక్కోబోయింది. బొటనవేలికి ఏదో గట్టిగా తగిలింది. తట్ట కడిగినప్పుడు నీళ్లలో జారిన సిమెంటు ముద్ద! గునపంతో కొట్టింది. నిప్పురవ్వ లేచింది.

"ఓలమ్మో! ఇది మట్టి కాదే! దీనికి ఎండ కాదు, నీళ్లు కావాలి!"

మూడోసారి మెత్తింది. మూపురం తీర్చింది, గంగడోలు తీర్చింది, కొమ్ములు తీర్చింది. ఒళ్లంతా తడిగోనెలు కప్పింది. మోట లాగే ఎద్దేదీ? కడవతో తనే తోడింది. పొద్దున పోసింది, మధ్యాహ్నం పోసింది, సందెవేళ పోసింది. అరచేతులు బొబ్బలెక్కినా పోసింది.

ఏరువాక వచ్చింది. ఊరంతా తోటలోనే! గోనెలు తీస్తే, అచ్చం మైలగాడే! పిల్లలు కేకలేశారు.

పైడయ్య భుజంతో నెట్టాడు. కదల్లేదు. ఇద్దరు వస్తాదుల చేత నెట్టించాడు. కదల్లేదు. పలుపు మెడకు వేసి, తన జోడెడ్లను కట్టి, తనూ పలుపు పట్టి లాగుతూ అదిలించాడు. ఎడ్లు గిట్టలు తన్ని లాగాయి. పలుపు ఫట్టున తెగింది. పైడయ్య వెల్లకిలా బురదలో!

"పడిందెవరు మరిదీ?" అంది అసిరమ్మ.

ఆ చోట మళ్లీ నాగలి దిగలేదు. అసిరమ్మ పోయినప్పుడు ఆమెనూ మైలగాడి నీడలోనే పెట్టారు.

ఇప్పటికీ ఆ వైపు ఎవరు కొత్త గోడ లేపినా, మొదటి కడవ ఇంటి ముసలమ్మే పొయ్యాలి. "అసిరమ్మ నీళ్లు! తాగు, తాగి నిలబడు!" అంటూ పొయ్యాలి. పైడయ్య పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.